అంగడి వెంట బస్సు

ప్లానింగ్ ఆఫీసులో ఉద్యోగం వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. పని ఎట్లా ఉంటుంది సార్ అని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెబితే భయపడతారేమోనని చాయ్ తాగించి, మంచిగుంటుందని చెప్పి పంపిస్తుంటాను. వాళ్లు గేటు దాటాక, అసలు సంగతి చెప్పనే లేదే అనిపిస్తుంది. అందుకని రాసి పెడుతున్నాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ జీవో కింద వచ్చాయో ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు.

మొదటి రోజు మీ చేతికి ఒక పటం ఇస్తారు. అందులో ఊళ్లు చుక్కలు, రోడ్లు గీతలు. ఆ గీతల మీద జనం ఎటు పోతున్నారో, ఎందుకు పోతున్నారో, తిరిగి ఎట్లా వస్తున్నారో పటంలో ఉండదు. అది మీరే పోయి చూసి రావాలి. నా ఉద్యోగమంతా అదే.

నేను చదివిన కాలేజీ

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు బంద్ పడ్డ సంగతి మా ఈడు వాళ్లకు చెప్పక్కరలేదు. డిగ్రీలో చేరాల్సిన నేను ఇంట్లో కూర్చున్నాను. మా బాపు కొన్నాళ్లు ఓపిక పట్టి, "కాలేజీ తెరిచేదాక మంచం విరుగుతది గని నువ్వైతే లేవవు" అన్నాడు. ఆ మాటకు రోషం వచ్చి, కరీంనగర్‌లో మా ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. ఇంజనీర్లు గీసిన పటం మీద పల్చటి గుడ్డ పరిచి, దాని మీద సిరాతో మళ్లీ గీయడం ట్రేసర్ పని. తర్వాత కాలేజీలు తెరిచారు. నేను మాత్రం మళ్లీ పోలేదు.

పోకపోవడానికి కారణం గ్రంథాలయం. ఆఫీసు నుంచి నడిచిపోయేంత దూరం. సాయంత్రం సీసా మూత పెట్టి, వేళ్లకు అంటిన సిరా కడుక్కోకుండానే అక్కడికి పోయేవాణ్ని. ఊళ్లు ఎందుకు పెరుగుతాయి, రైలు వచ్చాక ఏ ఊరు లేస్తుంది, ఏ ఊరు పడుతుంది, సంతలు ఎట్లా పుడతాయి అనే పుస్తకాలు ఇంకెవరూ అడిగేవాళ్లు కాదు కాబట్టి నాకు ఎప్పుడూ దొరికేవి. కొన్నింట్లో అతుక్కుపోయిన పేజీలను బ్లేడుతో నేనే మొదట విడదీశాను. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివేవాణ్ని. ఇంగ్లీషు మాటలు నేను పలికే తీరుకు ఆఫీసులో నవ్వేవాళ్లు. అర్థం తప్పు చెప్పావని మాత్రం ఎవరూ అనలేదు. ఈ ముక్క కొంచెం గర్వంగానే రాస్తున్నాను.

జీపు దిగని ఆఫీసరు

డెబ్బైల చివర్లో మాకు చలపతిరావు గారని ఆఫీసరు వచ్చారు. కృష్ణా జిల్లా మనిషి. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, భైంసా, ఆదిలాబాద్ పట్నాలకూ, వాటి మధ్య పల్లెలకూ కలిపి ఒకే ప్రాంతీయ ప్రణాళిక తయారు చేయడం ఆయనకు అప్పగించిన పని. మధ్యలో గోదావరి, పైన అడవి. పట్నాలు ఒకదాని ముఖం ఒకటి చూడవు, అన్నీ హైదరాబాద్ వైపే చూస్తాయి.

ఆయన గురించి నా అభిప్రాయం దాచుకోను. పని తెలిసిన మనిషి. కొత్త రోడ్లు అడగొద్దు, కొత్త బస్సులు అడగొద్దు, ఉన్నవాటినే సరిగా తిప్పితే సగం కష్టాలు తీరతాయి అనేవారు. ఇప్పుడు ఈ ఆలోచనకు పెద్ద పెద్ద పేర్లున్నాయి. అప్పుడు మేం డీజిల్ కరువు అనేవాళ్లం. ఆయనలో ఒక్కటే లోపం. బస్సుల గురించి అంత ఆలోచించే మనిషి బస్సు ఎక్కేవారు కాదు. జీపులో వచ్చి, జీపులోంచే చూసి, జీపులోనే పోయేవారు. జీపులోంచి చూస్తే రోడ్డు మీది గుంతలు బాగా కనబడతాయి. బస్సు కోసం నిలబడ్డ మనిషి ముఖం కనబడదు.

ఆయనకు మొదటి మంచి పేరు వేములవాడలో వచ్చింది. సోమవారం రాజన్న దర్శనానికి జనం విరగబడి వస్తారు. రావడం విడివిడిగా వస్తారు, పోవడం మాత్రం అందరూ ఒకేసారి పోవాలంటారు. వచ్చే బస్సులూ పోయే బస్సులూ ఒకే చోట ఇరుక్కుని తోపులాట జరిగేది. చలపతిరావు గారు దించే చోటు ఒక వైపు, ఎక్కించే చోటు ఇంకో వైపు పెట్టించారు. గుడిలో కోడెను కట్టి మొక్కు తీర్చుకున్నవాళ్లు ఎక్కే వైపు దారి వెంటే నడిచి నేరుగా బస్సులో కూర్చునేటట్టు చేశారు. అంత సులువైన పని అంతకుముందు ఎవరికీ ఎందుకు తోచలేదో తెలియదు.

గెలుపు మనిషిని చెడగొడుతుందంటారు గానీ, నేను చూసింది వేరు. గెలుపు మనిషి చేతిలో ఒక పనిముట్టు పెడుతుంది. ఇక ఏది చూసినా ఆ మనిషికి దానితోనే బాగు చేయాలనిపిస్తుంది. జనం ఒకే రోజు వస్తే బస్సులు నడపడం తేలిక అని చలపతిరావు గారికి వేములవాడలో రుజువైంది. ఆ రుజువును చంకలో పెట్టుకుని ఆయన అడవి వైపు చూశారు.

అన్ని ఊళ్లకూ ఒకటే రోజు

జైనూర్ చుట్టుపక్కల కొండ ఊళ్లలో వారానికోసారి అంగడి, అంటే సంత, జరుగుతుంది. జైనూర్‌లో ఒకరోజు, పక్క ఊళ్లో మరుసటి రోజు, ఆ పై ఊళ్లో ఇంకో రోజు. అప్పుడు జైనూర్‌కు వచ్చే ఒక్క బస్సు అంగడి రోజు టాపు మీద కూడా జనంతో వచ్చేది. మిగతా రోజులు డ్రైవరూ కండక్టరూ కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవాళ్లు. ఇట్లయితే ఆ బస్సు తీసేయాల్సి వస్తుందని డిపో వాళ్లు మా ఆఫీసుకు చెప్పారు.

చలపతిరావు గారు తీసేయొద్దన్నారు. ఆయన ఆలోచన ఇది: ఆదివారం ఆఫీసులూ బళ్లూ ఉండవు కాబట్టి పట్నాల మధ్య తిరిగే బస్సులు చాలా వరకు ఖాళీగానే పోతాయి. కొండ మీది అంగళ్లన్నీ ఆదివారానికి మారిస్తే, ఆ ఖాళీ బస్సులన్నీ ఆ ఒక్క రోజు పైకి పంపొచ్చు. కొత్త బస్సు అక్కర్లేదు, అదనపు డీజిల్ అక్కర్లేదు. ఆదివారం రాబడితో మిగతా రోజుల ఒక్క బస్సు కూడా నిలుస్తుంది.

కాగితం మీద దాన్ని తప్పు పట్టడం ఎవరి తరమూ కాదు. పటం నేనే గీశాను. అందంగా వచ్చింది.

ఊళ్లవాళ్లను ఒప్పించే పని కూడా నాకే పడింది. జైనూర్‌లో జంగు పటేల్ అనే గోండు పెద్దమనిషి ఇంటికి పోయాను. నా మాట చివరిదాకా విన్నాడు. బస్సు తీసేస్తారన్న భయం ఆయనకుంది. వానాకాలంలో మనిషికి జ్వరం వస్తే ఎడ్లబండి మీద ఉట్నూర్ ఆసుపత్రికి చేరేసరికి ఏమవుతుందో ఆయన చూసినవాడు. బస్సు ఉంటదంటే ఏ రోజైనా సరేనని, మిగతా ఊళ్లవాళ్లకు కూడా తనే చెబుతానని అన్నాడు.

ఒప్పుకోని మనిషి ఒక్కడే, యాకూబ్ భాయ్. గాజుల వ్యాపారి. సొంతూరు జగిత్యాల దగ్గర. గాజుల గంప నెత్తిన పెట్టుకుని ఈ అంగడి నుంచి ఆ అంగడికి నడుస్తూ వారమంతా కొండ మీదే ఉండేవాడు. పెళ్లాం పిల్లలను చూడటానికి నెలకోసారి కిందికి దిగేవాడు. జంగు పటేల్ ఇంటి అరుగు మీద మా మాటలన్నీ విన్నాడు. నేను బయటికి రాగానే పట్టుకున్నాడు.

"సారూ, దినానికో అంగడి ఉంటేనే నాకు దినాం పని. అన్నీ ఒక్క దినం పెడితే నేను ఒక్క అంగడికే పోత. మిగతా దినాలు ఏం చెయ్యాలె? ఇంట్ల కూసోని నా బీబీకే గాజులు తొడగాల్నా?"

బస్సు ఉంటే ఆయనకు కూడా నడక తప్పుతుంది కదా అన్నాను.

"నీ బస్సు నాకొద్దు. అసలు బస్సే వద్దు. బస్సు ఎక్కితే జనం పట్నం పోతరు, పట్నంల రంగు రంగుల దుకాన్లు చూస్తరు. ఇగ నా గంప దిక్కు ఎవరు చూస్తరు?"

అది మాత్రం సరైన మాట కాదు. జంగు పటేల్ లోపలి నుంచే కసిరాడు. "నీ గాజులు అమ్ముడుపోవుడు కోసం మా పోరగాండ్లు జ్వరంతోని సావాల్నా?" అన్నాడు. యాకూబ్ భాయ్ తల దించుకున్నాడు గానీ గొంతు దించలేదు. అంగడి మారితే తను దుబాయ్ పోతానని చెప్పాడు. జగిత్యాలలో ఏజెంటుతో మాట అయిందట. పాస్‌పోర్టుకు ఫొటోలు కూడా దిగాడట.

తిరుగు ప్రయాణంలో నాకు దినానికో అంగడి అన్న ఆయన మాటే మెదిలింది. అంగళ్లు రోజుకో ఊళ్లో జరిగేది జనం సౌకర్యానికే అనుకుంటూ వచ్చాను. తిరిగే వ్యాపారి బతకాలన్నా అట్లాగే జరగాలి కదా? ఎక్కడో చదివానే ఇది అనుకున్నాను. కరీంనగర్ చేరాక గ్రంథాలయంలో వెతికితే దొరికింది. వేరే దేశాల పల్లె సంతల గురించిన వ్యాసం. ఒక ఊరి అంగడి చిన్నది, ఒక్క ఊరి కొనుగోలు మీద వ్యాపారి బతకడు. చుట్టూ ఉన్న ఊళ్లు రోజులు పంచుకుంటేనే అన్ని ఊళ్లూ కలిసి ఒక వ్యాపారిని పోషించగలవు. రోజులు కలిపేస్తే వ్యాపారి పెద్ద ఊరు చూసుకుంటాడు, చిన్న ఊరి అంగడి పోతుంది.

మర్నాడు ఇది చలపతిరావు గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"ఆ వ్యాసం రాసినాయన జైనూర్ వచ్చాడా రాజేశం?"

"రాలే సార్."

"మరి ఎందుకయ్యా ఆయనకి అంత బెంగ?"

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏం చేస్తాం. ఆదివారం అంగడి మొదలైంది.

బస్సులు నిండాయి

కొన్ని ఆదివారాలు గడిచాయి. డిపో నుంచి వచ్చిన కబురు వింటే ఎవరికైనా పండుగే. కొండ మీద బస్సులు కిక్కిరిసి నడుస్తున్నాయి. సీటు దొరకడం లేదు, ఇంకో బస్సు వేయమంటున్నారు. చలపతిరావు గారు ఆఫీసందరికీ గులాబ్ జామూన్ తెప్పించారు. నా వంతు ఆయనే స్వయంగా అందిస్తూ, మీ వ్యాస రచయిత గారికి కూడా ఒకటి పంపమంటావా అన్నారు.

గులాబ్ జామూన్ తిన్నాను, బాగుంది. నోరు తుడుచుకుని, బస్సులు నిండినయి సార్, కానీ ఏ దిక్కు పోయేటప్పుడు నిండినయి అని అడిగాను. డిపో వాళ్లు రోజు మొత్తం మీద చెప్పారే గానీ, పొద్దున ఎటు, సాయంత్రం ఎటు అని చెప్పలేదు. మేమూ అడగలేదు.

పిల్లలూ, ఇది గుర్తు పెట్టుకోండి. నిండిన బస్సును చూసి ప్లానర్ సంతోషపడకూడదు. ఆ బస్సు ఎక్కడ ఖాళీ అయిందో చూసి సంతోషపడాలి.

చలపతిరావు గారిలో నాకు నచ్చిన గుణం అప్పుడే చూశాను. వచ్చే ఆదివారం జైనూర్ పోదాం పద అన్నారు.

జైనూర్ ఆదివారం

మేం చేరేసరికి అంగడి జోరుగా ఉండాల్సిన వేళ. దారిలో జైనూర్ నుంచి వస్తున్న రెండు బస్సులు మాకు ఎదురయ్యాయి. కిటికీల్లోంచి చేతులు బయటికి వచ్చేంత జనం. చలపతిరావు గారు నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. చూశావా అన్నట్టు.

అంగడి మైదానంలో జీపు ఆగింది. అక్కడ మేకలు తిరుగుతున్నాయి. ఒక ముసలమ్మ సారపప్పు మూట ముందు పెట్టుకుని కూర్చుంది. ఆ మూటతో బస్సు ఎక్కలేక ఆగిపోయిందట. కొంచెం దూరంలో యాకూబ్ భాయ్ గాజుల గంప తెరిచి పెట్టుకుని, తన గాజులను తనే తుడుచుకుంటున్నాడు. అంతే అంగడి.

జరిగింది ఊహించడం కష్టం కాదు. అన్ని ఊళ్లలో ఒకటే రోజు కాబట్టి బట్టల వాళ్లు, ఉప్పు మిరపకాయల వాళ్లు అందరూ పెద్దదని ఉట్నూర్ అంగడికే పోయారు. సామాను అక్కడుందని తెలిసి జైనూర్ జనం బస్సెక్కి అక్కడికే పోతున్నారు. మా బస్సులు నిండింది అందుకే.

జంగు పటేల్ వచ్చి మాకు మంచం వేయించాడు, చాయ్ తెప్పించాడు. చలపతిరావు గారు కూర్చోలేదు. మైదానం వైపు చూస్తూ, బస్సులు టైముకి వస్తున్నాయా పటేల్ గారూ అని అడిగారు.

"మంచిగ వస్తున్నయి సారూ. బస్సు మీద నాకేం ఫిర్యాదు లే." పటేల్ గ్లాసు ఆయన చేతికిచ్చాడు. "మా అంగడిని ఎక్కించుకొని పోయింది, గంతే."

తర్వాత ఆయన నింపాదిగా చెప్పిన సంగతి మా పటంలో ఎక్కడా లేదు. కొండ ఊళ్లవాళ్లు అంగడికి ఉప్పు కోసమే రారు. ఇచ్చిన ఆడపిల్లను చూసుకునేది అక్కడే, సంబంధం మాట్లాడేది అక్కడే, ఎవరు పోయారో ఎవరు పుట్టారో తెలిసేది అక్కడే. ఇప్పుడు ఉట్నూర్‌లో అందరూ బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో ఉంటున్నారట. బిడ్డ కనబడితే చెయ్యి ఊపి వస్తున్నారట.

చలపతిరావు గారు యాకూబ్ భాయ్ దగ్గరికి నడిచారు. అందరూ ఉట్నూర్ పోతే నువ్వెందుకు పోలేదని అడిగారు.

"ఆడ గాజులోళ్లు శానా మంది జమైండ్రు సారూ. ఈడ నేనొక్కన్నే." మైదానమంతా చెయ్యి తిప్పి చూపించాడు. "చూస్తున్నరు గద, ఎంత గిరాకీ ఉన్నదో."

దుబాయ్ సంగతి నేను అడిగాను. వీసా వస్తుందని ఏజెంటు చెప్పాడన్నాడు. "ఆడ గాజులు అమ్మనియ్యరు కదా సార్, ఇటుకలు మోసుడే. గంప మోసిన నెత్తే, ఫికర్ లే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, తర్వాత మా ఇద్దరి వైపు చూడకుండా గాజులు తుడుచుకున్నాడు.

ఒక బస్సు తక్కువ

తిరుగు దారిలో చలపతిరావు గారే అడిగారు.

"ఆ వ్యాసంలో ఏముందో మళ్ళీ చెప్పు. ఈసారి నవ్వను."

చెప్పాను. అంగళ్లు పాత రోజులకే మారిస్తే బస్సు మళ్లీ ఖాళీగా తిరుగుతుంది, తీసేస్తారు, జంగు పటేల్ భయం నిజమవుతుంది. మార్చకపోతే అంగడే పోతుంది. ఇద్దరం మాట్లాడుకుంటూ పోతే దారి దొరికింది. బస్సు రోజూ ఒకే ఊరికి ఎందుకు రావాలి? వ్యాపారి తిరిగినట్టే అదీ తిరగాలి. రాత్రి కొండ ఊళ్లలోనే ఆగి, పొద్దున ఆ రోజు అంగడి జరిగే ఊరికి చుట్టుపక్కల జనాన్ని చేర్చి, సాయంత్రం వాళ్లను ఇళ్లకు దించి, వ్యాపారులను మరుసటి అంగడి ఊరికి తీసుకుపోవాలి. ఎవరికైనా జబ్బు చేస్తే బస్సు ఎప్పుడూ ఆ ఊళ్లలోనే ఉంటుంది. ఇందులో సగం పుస్తకం నుంచి నేను చెప్పింది, సగం ఆయన లెక్క.

చిక్కు ఒక్కటే. ఇది వారమంతా కావాలి. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఖాళీ బస్సు లేదు. కరీంనగర్, జగిత్యాల మధ్య బస్సులు ఒకదాని వెనుక ఒకటి పోతుంటాయి, వాటిలో ఒకటి తీసి పైకి పంపుదామన్నారు చలపతిరావు గారు. వినడానికి చిన్న మాట. పట్నంలో ఒక్క బస్సు తీస్తే ఎంత గొడవవుతుందో ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. పెద్దమనుషులు ఆఫీసుకు వచ్చారు. మా పిల్లల చదువులు ఏం కావాలన్నారు. అడవి వాళ్లకు బస్సెందుకన్నవాళ్లూ ఉన్నారు. పై వాళ్లు పిలిచి, ఆదివారం పథకం అద్భుతంగా నడుస్తుంటే ఎందుకు మారుస్తున్నావని అడిగారు. ఆయన ఆ నిండిన బస్సులనే చూపించి మెప్పు తీసుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. చలపతిరావు గారు మాత్రం, అది నా తప్పు అంచనా, దిద్దుకోనివ్వండి అన్నారు. నా పై ఆఫీసర్లలో ఆ మాట పై వాళ్ల ముందు అన్న మనిషిని ఇంకొకరిని చూడలేదు. దాని తర్వాత ఆయనను బదిలీ చేస్తారనుకున్నాను. వెంటనే చేయలేదు, అదే పదివేలు.

అంగళ్లు పాత రోజులకు వచ్చాయి. కొత్త తీరులో బస్సు నడిచే మొదటి వారం చూడటానికి జైనూర్ పోయాం. అంగడి ముగిశాక వ్యాపారులను తీసుకుని ఘాట్ రోడ్డు దిగి, మర్నాడు అంగడి జరిగే కెరమెరికి పోవాలి బస్సు. చలపతిరావు గారు జీపును ముందే పంపించేసి బస్సెక్కారు. కిటికీ పక్క సీటు. నేను ఆయన వెనుక.

బట్టల మూటలు, ఉల్లిగడ్డ బస్తాలు టాపు మీదికి పోయాయి. చివర్లో యాకూబ్ భాయ్ గంపతో వచ్చాడు. దుబాయ్ ఫొటోల సంగతేమిటని కిటికీలోంచి అడిగాను. మంచిగ పడ్డయి, ఇంట్ల గోడకు అతికిచ్చిన అన్నాడు. ఇంతలో కండక్టర్ గంప టాపు మీద పెట్టమన్నాడు. యాకూబ్ భాయ్ పెట్టనన్నాడు. ఘాట్ దిగేసరికి కెరమెరిలో గాజు ముక్కలు అమ్ముకోవాలె అన్నాడు. లోపల పెట్టడానికి జాగా లేదన్నాడు కండక్టర్. ఇద్దరి గొంతులూ లేచాయి. వెనుక నుంచి ఎవరో, గంపను ఎక్కించి ఆయన్ని టాపు మీద పెట్టుండ్రి అన్నారు. బస్సంతా నవ్వింది.

యాకూబ్ భాయ్ ఫుట్‌బోర్డు మీద నిలబడే చలపతిరావు గారి వైపు తిరిగాడు.

"పెద్ద సారూ, గింత పెద్ద ప్లాన్ ఏసినవు. జర చెప్పు, అండ్ల నా గంప యాడ పెట్టాలె?"

మేం మూటలకూ బస్తాలకూ చోటు ఆలోచించాం. పగిలే సామాను సంగతి ఎవరికీ తట్టలేదు. చలపతిరావు గారు ఒక్క క్షణం చూసి, సరిగ్గా కూర్చుని, రెండు చేతులూ చాచారు. "ఇలా ఇవ్వండి" అన్నారు.

యాకూబ్ భాయ్ గంపను ఆయన ఒళ్లో పెట్టి, అంచులు ఎక్కడ పట్టుకోవాలో చూపించి, వెనక్కి పోయి నిలబడ్డాడు. బస్సు కదిలింది. కెరమెరి దాకా ఆయన కాలు కదపలేదు, ముఖం మీద చెమట తుడుచుకోలేదు. మలుపు వచ్చినప్పుడల్లా మాత్రం గంపను గుండెలకు దగ్గరగా లాక్కుంటూ, డ్రైవర్‌కు వినబడేటట్టు అనేవారు: "మెల్లగా బాబూ, గాజులు."